చార్మినార్ కనిపించడం మానేసింది, పగుళ్లే కనిపిస్తున్నాయి

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నాకు 27 ఏళ్లు. మాది హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజ. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక పాత కట్టడాల పరిరక్షణలో కోర్సు చేసి, రెండేళ్లుగా చార్మినార్ గార (సున్నపు పూత) పనులు చూసే బృందంలో పనిచేస్తున్నాను. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని లాడ్‌బజార్‌కి గాజులు కొనుక్కోవడానికి వెళ్తూ చూసిన చార్మినార్ అది. ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న వీధిలో అందరికీ స్వీట్లు పంచాడు.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, నాకు చార్మినార్ కనిపించడం లేదు. ఎటు చూసినా పెచ్చులు, చెమ్మ మరకలు, వెంట్రుకంత పగుళ్లు. ఆదివారం చుట్టాలతో వెళ్లినా అంతే. వాళ్లు సెల్ఫీలు దిగుతుంటే నేను కమాను కింద తలెత్తి మచ్చలు లెక్కపెడుతున్నాను. రాత్రి వాన పడితే నిద్ర పట్టదు. ఏ పెచ్చయినా ఊడి ఎవరి నెత్తిన పడుతుందోనని టెన్షన్. మొన్న ఒక పెద్దాయన, కొత్త గార వేసిన చోట తెల్లగా ఉందని, "కాకి రెట్ట వేసినట్టుంది, మా చార్మినార్‌ని పాడు చేస్తున్నారు" అని నలుగురిలో తిట్టాడు. ఒకరు పెయింట్ వేయమంటారు. ఇంకొకరు సిమెంటు పూస్తే వందేళ్లు చూసుకోనక్కర్లేదు అంటారు. ఇంట్లో అమ్మేమో, "ఇంతకీ రెండేళ్లలో ఏం చేశావే?" అంటుంది. చూపించడానికి ఏమీ లేదు. ఇష్టపడి వచ్చాను, ఆ ఇష్టమే పోయినట్టుంది. మానేసి ఏదైనా ఫార్మా కంపెనీలో చేరిపోనా?

(పేరు వద్దన్నారు)

జవాబు: నా కూతురి కన్నా చిన్నదానివి. నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందుగా, నీకేమీ కాలేదు. మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ ఉంది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి మొహం చూడదు, భుజం దగ్గర పడ్డ ముడత చూస్తుంది. అన్నం తింటూ కూడా పక్కావిడ చెయ్యి కుట్టు చూసి పెదవి విరుస్తుంది. నీదీ అదే జబ్బు. నాదీ అదే. నేను హన్మకొండలో పుట్టి పెరిగాను. వేయిస్తంభాల గుడి మాకు గుడి కాదు, పెరడు. పరీక్షల ముందు దండం పెట్టుకున్నదీ అక్కడే, వేసవి సెలవుల్లో చల్లగా ఉంటుందని పడుకున్నదీ అక్కడే. నీలాగే పాత కట్టడాల పరిరక్షణ పనిలో చేరిన మూడో ఏడాది శివరాత్రికి ఇంటికెళ్లి, అందరితో గుడికి పోయి, ఒక స్తంభం దగ్గర ఆగి గోటితో రాయి మీద పొర గీరుతున్నానట. మా అక్క జెల్ల కొట్టింది. "దండం పెట్టుకోవడానికి వచ్చావా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చావా?" అంది. ఆ రాత్రి నేనూ నీలాగే ఏడ్చాను. ఇంత అందంగా కాదులే, కొంచెం మొండిగా.

అది పోతుందా అంటే, పోదు. కానీ మారుతుంది. నాకు అది మారిన చోటు ఒకటుంది. ఒక పాత సమాధి కట్టడం మీద పని కోసం కర్రలతో కట్టిన సారువ ఎక్కి గార పువ్వులు పరీక్షిస్తున్నాను. ఒక తామర రేకు సగం విరిగి ఉంది. లోపలి వైపు, కింద నుంచి ఎవరికీ కనిపించని చోట, ఒక బొటనవేలి ముద్ర ఉంది. గార తడిగా ఉన్నప్పుడు రేకును వెనక నుంచి ఒత్తి నిలబెట్టిన మేస్త్రీ వేలిది. గీతలతో సహా అలాగే గట్టిపడిపోయింది. నా వేలు అందులో పెట్టి చూశాను, నా వేలి కన్నా వెడల్పు. అప్పటిదాకా ఆ రేకు నాకు "దెబ్బతిన్న భాగం, నంబరు ఫలానా". ఆ క్షణం నుంచి అది ఒక మనిషి మధ్యాహ్నం పూట చేసిన పని. పగులు అక్కడే ఉంది, చెమ్మ అక్కడే ఉంది. కాకపోతే వాటి పక్కన ఇంకొకటి కూడా కనిపించడం మొదలైంది.

నువ్వు అలాంటి చోటు వెతుక్కో. నీ అదృష్టం, చార్మినార్ నిండా అవే. జనం దాన్ని ఒకే రాయిలో చెక్కినట్టు మాట్లాడతారు గానీ, అది గ్రానైటు రాళ్లు, సున్నం, వాటి మీద చేత్తో చేసిన గారపని. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన రోజు నుంచి అది అలా ముట్టుకోకుండా నిలబడి లేదు. మొఘలుల ఏలుబడిలో నైరుతి మూల మినార్ పిడుగుపాటుకు కూలితే 60 వేల రూపాయలతో మళ్లీ కట్టారని రాశారు. 1824లో లక్ష రూపాయలు పెట్టి కట్టడమంతా కొత్త గార పూయించారు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో వచ్చినవి. అంటే నువ్వు నాన్న భుజాల మీద నుంచి చూసి మురిసిపోయిన చార్మినార్ అప్పటికే నీలాంటి వాళ్లు తరతరాలుగా బాగుచేసుకుంటూ వచ్చినది. ఆ పాపకు మరమ్మతు కనిపించలేదు. అదే ఆ మేస్త్రీల పనితనం. ఇప్పుడు నీకు ఆ అతుకులు కనిపిస్తున్నాయంటే ప్రేమ పోయి కాదు, వాళ్ల చేతిరాత చదవడం వచ్చి.

ఇక ఆ పెద్దాయన సంగతి. నాకు ఆయన మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం ముచ్చటేసింది. "మా చార్మినార్" అన్నాడు చూడు. ఎవరూ తిట్టని కట్టడాల దగ్గర కూడా పనిచేశాను. ఊరి చివర మంటపంలో గేదెలు కట్టేసి ఉంటాయి, మనం పోయి మరమ్మతు చేస్తే అడిగే దిక్కుండదు, మనం వెళ్లిపోయిన మర్నాడు మళ్లీ గేదెలు వస్తాయి. ఆ పని ఎంత నీరసంగా ఉంటుందో నీకు తెలియదు.

అయినా ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. కొత్త సున్నం తెల్లగానే ఉంటుంది, నాలుగు వానలు తగిలితే గానీ నలుపుకు రాదు. అందుకే నేను ఎప్పుడూ నమూనా ముక్కలు వేసి పెట్టించేదాన్ని. జనం కంటపడని గోడ మీద, జానెడు జానెడు చదరాలు. ఒక దాంట్లో ఇసుక ఎక్కువ, ఒక దాంట్లో ఇటుక పొడి కాస్త, ఒక దాంట్లో వేరే ఏటి ఇసుక. ప్రతిదాని కింద తేదీ, పాళ్లు. ఒక వానాకాలం, ఒక వేసవి దాటనిచ్చి అప్పుడు చూడాలి ఏది పాత గారతో కలిసిపోయిందో. తడి మీద చూసి రంగు ఎంచుకున్న వాళ్లందరూ తర్వాత నాలుక కరుచుకున్నవాళ్లే. మీ దగ్గర ఆ చదరాలు ఉంటే, ఈసారి ఆయన వచ్చినప్పుడు లోపలికి పిలిచి చూపించు, పర్మిషన్ అడిగి. "మామూ, వీటిలో మన చార్మినార్ రంగు ఏది?" అని అడుగు. పాతబస్తీ పెద్దమనిషి, చాయ్ తాగకుండా నిన్ను వదలడు.

పెయింట్ వేయమనేవాళ్లకు పెద్ద జవాబు అక్కర్లేదు. గోడకు ఊపిరాడదని చెప్పు, చాలు. సిమెంటు అనేవాళ్లకు మాత్రం కాస్త ఓపికగా చెప్పాలి. ఎందుకంటే వాళ్ల ఇల్లు సిమెంటుదే, వాళ్లకది మంచిదే చేసింది. నీకు తెలిసిందే అయినా మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లలో వేసి నానబెడితే సున్నం. దాన్ని గోడకు పూస్తే గాల్లోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అలా మారినా అందులో సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వానకు గోడ తడుస్తుంది, ఎండకు ఆ రంధ్రాల్లోంచే ఆరుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. పైగా గట్టిది. మెత్తటి గోడ మీద గట్టి పొర వేస్తే, గోడ ఎండకూ చలికీ కదిలినప్పుడల్లా విరిగేది మెత్తటిదే. లోపల చిక్కిన నీళ్లు ఉప్పును మోసుకుని ఎటో ఒకవైపు బయటికొస్తాయి. అవి ఎండిన చోట ఉప్పు గడ్డకట్టి ఉబ్బి గారను పెచ్చులుగా ఊడదీస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను చేసిన పాపం ఇది. ఊరి పేరు, గుడి పేరు చెప్పను. పాత మండపం, పైకప్పు కారుతోంది. జూన్ వచ్చేస్తోంది. సున్నంతో చేయాలంటే సున్నం నానాలి, ఇటుక ముక్కలతో కలిపి రోజుల తరబడి కొట్టాలి, గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. అంత టైము లేదు, సిమెంటు పోసేద్దాం అన్నారు పైవాళ్లు. వద్దని నాకు తెలుసు. "ఈ ఒక్కసారికి" అనుకుని సంతకం పెట్టాను. ఆ వానాకాలం చుక్క కారలేదు. గుడి కమిటీ వాళ్లు సభ పెట్టి నాకు శాలువా కప్పారు. మూడో ఏడు వెళ్లేసరికి సిమెంటు మీద వెంట్రుకంత పగుళ్లు. నీళ్లు వాటిలోంచి దిగుతున్నాయి గానీ తిరిగి పైకి ఆరే దారి లేదు, కిందికే వస్తున్నాయి. మండపం లోపల దూలం కింద గారతో చేసిన హంసల వరస ఉండేది, పదకొండు. నేను చూస్తుండగా మేస్త్రీ ఒకదాన్ని వేలితో తాకాడు. అప్పడం నలిగినట్టు నలిగి చేతిలోకి పిండిలా రాలింది. చివరికి నాలుగు మిగిలాయి. ఆ శాలువా ఇంకా బీరువాలో ఉంది. ఎప్పుడూ కప్పుకోలేదు, పారేయలేదు.

నీకు ఎప్పుడైనా "ఈ ఒక్కసారికి" అనే మాట వినబడితే నా హంసలు గుర్తుతెచ్చుకో. సంతకం పెట్టనంటే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంటుంది, కాదనను. అప్పుడు కనీసం కాగితం మీద రాసి పెట్టు: ఫలానా తేదీన ఫలానా కారణంతో నేను వద్దన్నాను అని. నేను అదీ చేయలేదు.

ఇష్టం గురించి రాశావు గదా. ఇష్టంతో చేసిన తప్పులకే ఈ రంగంలో లెక్క లేదు. అజంతా కథ మీ కోర్సులో చెప్పే ఉంటారు. అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. బొమ్మలు పెచ్చులూడి పోతున్నాయని నిజాం ప్రభుత్వం డబ్బుకు వెనకాడకుండా ఇటలీ నుంచి నిపుణులను పిలిపించింది. 1920 నుంచి 1922 దాకా చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు అక్కడ పనిచేశారు. ఊడిపోతున్న గారను నిలబెట్టారు, ఆ పుణ్యం వాళ్లదే. కానీ బొమ్మలు మెరవాలని, కాపాడాలని మీద లక్క వార్నిష్ పూశారు. పూసినప్పుడు రంగులు తళతళలాడి ఉంటాయి, చూసినవాళ్లు చప్పట్లు కొట్టి ఉంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పసుపుపచ్చగా, ఆపైన గోధుమరంగుగా మారింది, మసిని కూడా పట్టేసింది. తర్వాత మన పురావస్తు శాఖ కెమిస్టులు దశాబ్దాల తరబడి దాన్ని అంగుళం అంగుళం తీస్తూ కూర్చున్నారు. వాళ్లు కెమిస్టులు, నీలాంటి వాళ్లు. ఆ ఇటలీ వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. అప్పటికి వాళ్ల దేశంలో అదే పద్ధతి. అందుకే నేను ఏ మందైనా, ఏ పూతైనా చేతిలోకి తీసుకునే ముందు ఒకటే అడిగేదాన్ని: యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా దీన్ని తీసేయాలనుకుంటే తీయగలరా?

ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక నీ టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది చూడు. ఎందుకంటే చార్మినార్‌ను కాపాడాల్సింది నువ్వొక్కదానివే కాదు. నీకు ముందు డ్యూటీ చేసినవాళ్లున్నారు, నీ తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్లున్నారు. నీ పని నీ డ్యూటీలో అది పాడవకుండా చూసి, వచ్చేవాళ్లకు సరిగ్గా అప్పజెప్పడం.

వాన రాత్రుల సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. ఆ భయం ఉత్తిది కాదు. 2019 మేలో ఒక రాత్రి మినార్ మీది గార ముక్క నిజంగానే ఊడిపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. శ్రీకాళహస్తిలో 2010 మే 26న 1516 నాటి రాజగోపురం మొత్తం కూలిపోయింది. చుట్టుపక్కల జనాన్ని ముందే ఖాళీ చేయించబట్టి ప్రాణాలు దక్కాయి. కాబట్టి "ఏం కాదులే, పడుకో" అని నేననను.

భయాన్ని పనిగా మార్చుకునే దారి మాత్రం ఉంది. పగులు ఉండటం వేరు, పగులు పెరగడం వేరు. మాకు సీనియర్ ఒకాయన నేర్పించిన పాత పద్ధతి: పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ అటూ ఇటూ గోడకు అతికించి, దాని మీద తేదీ రాయడం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కున విరుగుతుంది. ఇప్పుడు మిల్లీమీటరులో పదో వంతు కొలిచే గేజీలు వచ్చాయి, అవి వాడు. కానీ నాకు గాజు మీదే మమకారం. ఒక పగులును చూసి నేను నాలుగేళ్లు హడలి చచ్చాను. వెళ్లినప్పుడల్లా టార్చి వేసి చూసేదాన్ని. నాలుగేళ్లూ గాజు చెక్కుచెదరలేదు. ఆ పగులు ఎన్నడో వచ్చి ఆగిపోయినది, నేను పుట్టక ముందే. నేను దాని కోసం పోగొట్టుకున్న నిద్ర లెక్కేస్తే నవ్వొస్తుంది.

గారకైతే చెవే గేజీ. వేలి కణుపుతో గానీ చిన్న చెక్క సుత్తితో గానీ తట్టినప్పుడు గోడను పట్టుకుని ఉన్న గార "టక్" అంటుంది. వదిలేసింది "డబ్" అంటుంది, ఖాళీ కుండ మీద కొట్టినట్టు. డబ్ అన్న చోటల్లా సుద్దముక్కతో గీసి, ఫొటో మీద గుర్తు పెట్టి, తేదీ వేయి. ఆరు నెలలకు మళ్లీ తట్టు. గీత దాటి డొల్ల పెరిగిందా లేదా చూడు. పెరిగితే ఆ రోజే పైవాళ్లకు కాగితం ఇవ్వు, కింద జనం నిలబడకుండా తాడు కట్టమను, సిరంజీతో సున్నపు పాలు ఎక్కించి గారను మళ్లీ గోడకు పట్టించే ఏర్పాటు అడుగు. నీ వంతు అంతవరకు. రోడ్డు మీద పొగ, బస్తీ రద్దీ, పిడుగు ఇవేవీ నీ నోట్‌బుక్‌లో లేవు. నీ నోట్‌బుక్‌లో లేనిదాని కోసం అర్ధరాత్రి లేచి కూర్చోకు. నేను కూర్చున్నాను, బీపీ తప్ప ఏమీ రాలేదు.

నోట్‌బుక్ అన్నాను గనక ఇంకో మాట. మీ మేస్త్రీతో స్నేహం చెయ్. నువ్వు కెమిస్ట్రీలో పీజీ అయి ఉండొచ్చు. సున్నం ఎప్పుడు పండిందో ఆయన తాపీతో ఎత్తి చూసి చెప్తాడు, నువ్వు ల్యాబ్ రిపోర్టుతో రెండు రోజుల తర్వాత చెప్తావు. సున్నంలో కలిపే కరక్కాయ నీళ్లు ఎన్నాళ్లు ఊరాలి, బెల్లం ఎండాకాలం ఎంత, వానాకాలం ఎంత అనేవి చాలామంది మేస్త్రీలకు చేతుల్లోనే ఉంటాయి, కాగితం మీద ఉండవు. నేను ఒకాయన పక్కన కూర్చుని "బెల్లం ఎంత?" అంటే "తగినంత" అనేవాడు. చివరికి ఆయన గుప్పిట్లో తీసిందల్లా త్రాసులో వేయించి తూచాను. వారం రోజులు తూచితే ఆయన "తగినంత" ప్రతిసారీ దాదాపు ఒకటే వచ్చింది. ఆయన నవ్వి, "నమ్మరు గదా మీరు" అన్నాడు. ఆయన పోయాక కొడుకు ఆటో తోలుకుంటున్నాడు. ఆ పాళ్లు నా పుస్తకంలో ఉన్నాయి గనక ఉన్నాయి. కాబట్టి పాళ్లు రాయి, పక్కనే మేస్త్రీ పేరు కూడా రాయి. ఆ తామర రేకు మీద వేలిముద్ర వేసినాయన పేరు ఎక్కడా లేదు, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకొకటి, ఇది సలహా కాదు, ఆర్డరు. సున్నం కలిపే దగ్గరికి కళ్లద్దాలు లేకుండా పోకు. నీళ్లు పోసినప్పుడు అది ఎలా ఎగసిపడుతుందో చూశావు గదా. కంట్లో పడితే ఆలోచించకుండా నీళ్లు ధారగా పోసుకుంటూ ఉండి ఆసుపత్రికి పో. సారువ ఎక్కేటప్పుడు బెల్టు పెట్టుకో, "రెండు నిమిషాల పనే గదా" అన్నప్పుడు ఇంకా గట్టిగా పెట్టుకో.

అమ్మ ప్రశ్న మిగిలింది. "ఇంతకీ ఏం చేశావే?" దీనికి నా దగ్గర మా వదిన మాట ఉంది. వేయిస్తంభాల గుడి పక్కన కళ్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పక్కన పేర్చారు. ఊళ్లో జనం ఎన్ని మాటలన్నారో. రాళ్లు పీకి పడేశారు, ఇంక కట్టినట్టే అన్నారు. పునాది నుంచి మళ్లీ లేపి, విరిగిన వాటికి కొత్త రాళ్లు చెక్కించి పెట్టేసరికి దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. 2024 శివరాత్రికి తెరిచారు. మా వదిన చూసి వచ్చి నాకు ఫోన్ చేసింది. "ఏముంది, ఎప్పట్లాగే ఉంది. ఇన్నేళ్లు ఏం చేశారో ఏంటో!" అంది. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ పనిలో నేను లేను, అయినా ఆ మాట నాకే అన్నట్టు సంతోషమేసింది. ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

అయినా అమ్మకు ఇలాంటి మాటలు ఎక్కవు, నాకు తెలుసు. ఆమెను ఒకసారి తీసుకెళ్లు. లోపల మెట్లు 149, అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకుని ఎక్కించు, లేకపోతే కిందే ఉండి చూపించు. పనికి ముందు తీసిన ఫొటో ఆమె చేతిలో పెట్టి, ఆ చోటు ఎక్కడుందో వెతకమను. దొరకదు. అప్పుడు నువ్వు వేలు చూపించు.

ఫార్మా కంపెనీ గురించి. జీతం సరిపోక, కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియక, ఇంట్లో అప్పు ఉండి వెళ్తే వెళ్లు, తప్పేమీ లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఈ రంగంలో డబ్బు తక్కువ, అబద్ధం ఎందుకు. కానీ "ఇష్టం పోయింది" అని మాత్రం వెళ్లకు, ఎందుకంటే అది పోలేదు. ఇష్టం పోయినదానివైతే వాన రాత్రి లేచి కూర్చోవు. ఉండాలనుకుంటే కొన్నాళ్లు చోటు మార్చి చూడు. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనశాల ఉంది, 1976 నుంచి నడుస్తోంది, నీలాంటి కెమిస్టులకు శిక్షణలు పెడుతుంటారు. నాలుగు వారాలు వేరే ఊళ్లో వేరేవాళ్ల పగుళ్లు చూసి రా. మన పగుళ్ల మీద బెంగ పుడుతుంది.

ఈలోపు ఒక ఆదివారం, చుట్టాలు లేకుండా, బ్యాగు లేకుండా, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లు. నాన్నను తీసుకెళ్లు. ఏ వైపు నుంచి భుజాల మీద తీసుకొచ్చేవాడో ఆ వైపు నుంచే నడవండి. ఆయన ఎక్కడ ఆగి నిన్ను పైకెత్తేవాడో అడుగు. ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. నువ్వు ఎలాగూ తలెత్తి మచ్చలు లెక్కపెడతావు, పెట్టు, ఆయనకు చెప్తూ పెట్టు. "నాన్నా, ఆ మూల చూడు, అది పోయినేడు మేం వేసింది" అని.

నమూనా చదరాలు ఇదివరకు వేయకపోతే ఈ వానలకు ముందే వేయించు. దసరా అయ్యాక ఏ పాళ్లు కలిసిపోయాయో నాకు రాయి. ఆ పెద్దాయన ఏ చదరం మీద వేలు పెట్టాడో కూడా రాయి. నా పందెం ఇటుక పొడి కాస్త ఎక్కువ పడ్డదాని మీద.